పెట్టెలో లేని ప్రశ్న

మనిషి బుద్ధిని కొలిచే పెట్టె మా దవాఖానాకు వచ్చిన ఏడాది ఎండలు మరీ ఎక్కువ. పెట్టెతోపాటు ఒక డాక్టరు కూడా వచ్చాడు. ఆయన పేరు మా గల్లీల్లో ఎవరికీ నోరు తిరగలేదు కాబట్టి అందరూ పెట్టె డాక్టరు అన్నారు, నేనూ అదే అంటాను. లక్నో వైపు మనిషి. రెండేళ్లు విలాయతులో చదివి, యుద్ధం మొదలవగానే పెట్టెను చంకన పెట్టుకుని ఓడెక్కి, మా సర్కారులో కొలువు సంపాదించాడు. తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డవాళ్లకు బుద్ధి ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఆ పెట్టెతో తేల్చి కాగితం మీద ఒక అంకె వేస్తాడు. ఆయన అంకె వేశాక ఇక దానికి తిరుగులేదు.

పెట్టెలో ఏముందో చూద్దామని మేమందరం ఎగబడ్డాం. రంగు చెక్క ముక్కలు, బొమ్మల అట్టలు, ఒక గడియారం, ఒక లావుపాటి పుస్తకం. అంతే. దీనికోసం సముద్రాలు దాటి రావాలా అని వార్డు ఆయా పుష్పమ్మ అంది. ఆవిడ ముప్పై ఏళ్లుగా రోగుల మొహాలు చూసి ఎవరు ఇంటికి వెళ్తారో, ఎవరు వెళ్లరో చెప్పేది. ఆవిడ దగ్గర పెట్టె లేదు కాబట్టి ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

నా పేరు వైకుంఠం. ఆ దవాఖానాలో కంపౌండరును. మొఘల్‌పురాలో ఐదో గల్లీలో మా ఇల్లు, ఇంట్లో నేనూ మా అమ్మ కాశమ్మా. నాకు ఉర్దూ బాగా వచ్చు, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, గల్లీలో ఎవరికి అర్జీ కావలసి వచ్చినా నా అరుగెక్కాల్సిందే. ఈ మూడింటికీ నేను కొంచెం తలెగరేసుకుని తిరిగేవాణ్ణి. ఈ కథలో నన్ను నేను కూడా విడిచిపెట్టబోవడం లేదు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాను.

పెట్టె డాక్టరు దృష్టిలో మా ఉర్దూ ఉర్దూయే కాదు. మాలో ఎవరైనా ఔనుకు 'హౌ' అన్నా, వద్దుకు 'నక్కో' అన్నా, పులిసిన మజ్జిగ తాగినట్టు మొహం పెట్టేవాడు. పైగా పరీక్ష రోగి మాతృభాషలోనే జరగాలని ఆయన పుస్తకంలో ఉందట. రోగి పుట్టినప్పటి నుంచీ ఈ పట్నంలోనే ఉండి, గడగడా మా దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడైనా సరే, తెలుగువాడైతే మధ్యలో నేను స్టూలు వేసుకుని కూర్చోవాలి. డాక్టరు ఉర్దూలో అడుగుతాడు, రోగికి అప్పుడే అర్థమవుతుంది, అయినా నేను తెలుగులో చెబుతాను. రోగి తెలుగులో జవాబిస్తాడు, నేను దాన్ని లక్నో వారికి పడే ఉర్దూలో వడ్డిస్తాను. ఆ కొలువు నాకెంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బుచ్చయ్య సంగతికి వస్తాను. బుచ్చయ్య మా వైపు ఏడు గల్లీలకు నల్లా విడిచేవాడు. దారి మధ్యలో గుంతలుంటాయి, గుంత అడుగున నీళ్లను ఆపి విడిచే మర, దాన్నే వాలు అంటాం, ఉంటుంది. నిలువెత్తు ఇనుప చావిని అందులోకి దించి, పైన ఉన్న అడ్డకమ్మి పట్టుకుని గానుగెద్దులా చుట్టూ తిరగాలి. ఏ వాలుకు ఎన్ని చుట్లో, ఎక్కడ బిగుసుకుంటుందో బుచ్చయ్యకే తెలుసు. పొద్దున ఒకటో గల్లీ నుంచి ఏడో గల్లీ దాకా, సాయంత్రం ఏడు నుంచి ఒకటి దాకా. పన్నెండేళ్లు ఇట్లా ముందుకూ వెనక్కూ లెక్కపెడుతూ తిరిగాడు.

నీళ్ల మహకమా, అంటే నీళ్లిచ్చే సర్కారు శాఖ, రాసిచ్చిన వేళలు ఉండేవి. ఏ కాగితంలోనూ లేనిది ఇంకొకటి ఉండేది. ఏ ఇంట్లోనైనా చావు జరిగితే ఆ ఇంటి మనిషి ఒకడు చెప్పులు లేకుండా వచ్చి బుచ్చయ్య గుమ్మం ముందు నిలబడేవాడు. నోరు తెరిచి అడగడు. బుచ్చయ్య కూడా ఎవరు పోయారని అడగడు. అన్నం తింటుంటే కంచం పక్కకు నెట్టి, చావి భుజానికెత్తుకుని లేచేవాడు. కడసారి స్నానానికి నిల్వ నీళ్లు వాడకూడదని, పారే నీళ్లే కావాలని మా గల్లీల పట్టింపు; హిందువులైనా ముసల్మానులైనా ఆ ఒక్క విషయంలో తేడా లేదు. మహకమాకు ఇదంతా తెలుసు, తెలియనట్టు ఉండేది. తెలియనట్టు ఉండటం ఆ మహకమాకు బాగా చేతనైన పని.

ఆ ఏడు మాఘంలో నాలుగో గల్లీ వాలు తుప్పుపట్టి కదల్లేదు. బుచ్చయ్య కమ్మికి ఒక గొట్టం తొడిగి ఒళ్లంతా బరువేశాడు. పట్టు జారింది. చావి గిర్రున వెనక్కు తిరిగి గొట్టం వచ్చి నుదుటికి కొట్టింది. మూడు రోజులు స్పృహ లేదు. నాలుగో రోజు కళ్లు తెరిచి, ఎదుట ఏడుస్తున్న భార్య ఆండాలును చూసి, నల్లా ఎవరు విడుస్తున్నారని అడిగాడు. మేమంతా మురిసిపోయాం. మనిషి దక్కాడు, బుద్ధి ఎక్కడికీ పోలేదు అని గల్లీగల్లీనా చెప్పుకున్నాం. మురిసినవాళ్లలో నేనే ముందు.

నెలన్నరలో గాయం మానింది. కానీ తల దెబ్బ కాబట్టి పెట్టె డాక్టరు కాగితం ఇస్తే తప్ప చావి తిరిగి ఇవ్వమని మహకమా అంది. ఈలోగా రామలింగయ్య అనే ఇంకొకణ్ణి బదులుగా పెట్టింది. ఆయన ఇల్లు రెండో గల్లీలో. ఇంకేముంది, రెండో గల్లీలో మోరీలు కూడా మంచినీళ్లతో పారాయి. మా ఐదో గల్లీలో నల్లా దగ్గర మా అమ్మ బిందె పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టింది. బుచ్చయ్య మీద నాకు ప్రేమ లేదని అనను. ఖాళీ బిందె మీద అంతకంటే ఎక్కువ బెంగ ఉంది.

బుచ్చయ్యకు చావి రావద్దన్నది ఆండాలు ఒక్కతే. పరీక్షకు రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చింది. ఆమెది నల్లగొండ వైపు పల్లె. పెళ్లయి పదేళ్లు, ఆరేళ్ల కూతురు కళావతి. ఆ పిల్ల దగ్గితే బుచ్చయ్య రాత్రంతా కూర్చునేవాడు. అలాంటిది మొన్న మెట్ల మీద నుంచి పడి, పెదవి చిట్లి రక్తం కారుతుంటే బుచ్చయ్య అన్నం ముందు కూర్చుని చూశాడట. "కళావతి పడ్డది" అని ఆండాలుకు చెప్పి ఇంకో ముద్ద కలుపుకున్నాడట. కోపం లేదు, విసుగు లేదు. చూసింది చూసినట్టు చెప్పాడు, అంతే.

"ఆయనకు అన్నీ యాదికున్నయి అన్నా. కానీ ఏదీ తాకుతలేదు," అంది ఆండాలు. తన తమ్ముడు అంజన్ మహకమాలోనే గొట్టాలు మోసే పనిలో ఉన్నాడు, చావి వాడి చేతికిస్తారు, ఈయన్ని ఇంటిపట్టున ఉండనివ్వాలి, డాక్టరుకు నువ్వే చెప్పాలి అని బతిమాలింది.

నేను నవ్వాను. గాయం పచ్చిది, నాలుగు నెలలు పోతే అదే సర్దుకుంటుంది, నువ్వు అనవసరంగా ఫికరు పెట్టుకోకు అని పెద్ద వైద్యుడిలా సెలవిచ్చాను. లోపల కూర్చున్న మా అమ్మ, ఆండాలు చెప్పేది వినరా అంది. బుచ్చయ్య రోజూ మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆగి అమ్మ చేతి మజ్జిగ తాగి వెళ్లేవాడు. తాగేముందు, తిన్నవా పెద్దమ్మా అని అడగకుండా ఎప్పుడూ చెంబు పట్టుకోలేదు. దెబ్బ తగిలాక కూడా వేళకు వస్తున్నాడు, తాగుతున్నాడు, చెంబు బోర్లించి వెళ్తున్నాడు, ఆ ఒక్క మాట మాత్రం అడగడం లేదని అమ్మ అంది. ముసలివాళ్ల పట్టింపులని నేను చెవిన పెట్టలేదు.

పరీక్ష రోజు పెట్టె డాక్టరు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పూజకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇటు బుచ్చయ్య, మధ్యలో స్టూలు మీద నేను, గుమ్మం దగ్గర కొంగు నెత్తిన కప్పుకుని ఆండాలు. మొదట ఆమె దక్కనీలో ఏదో చెప్పబోయింది. డాక్టరు ఆమె వంక చూడకుండానే చేయెత్తి ఆపాడు. ఏదైనా ఉంటే కంపౌండరుకు తన భాషలో చెప్పుకోమన్నాడు.

ముందు అంకెలు. డాక్టరు చెప్పిన వరుసను తిరిగి చెప్పాలి, తరువాత అదే వరుసను వెనక నుంచి చెప్పాలి. నాలుగంకెలు చెప్పాడు, ఐదు చెప్పాడు, ఆరు, ఏడు. బుచ్చయ్య కన్నార్పకుండా వెనక నుంచి ముందుకు అప్పజెప్పాడు. ఆ తిరగేసిన వరుస నాకే తిన్నగా రాక, రెండు చోట్ల బుచ్చయ్య చెప్పింది నిజమేనని గుడ్డిగా తలూపాను. డాక్టరు కళ్లు మెరిశాయి. పన్నెండేళ్లుగా పొద్దున ముందుకూ సాయంత్రం వెనక్కూ లెక్కపెట్టడమే ఈయన కూడు అని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు.

తరువాత బొమ్మలు. ఒక విలాయతు ఇంటి బొమ్మ చూపించి ఇందులో ఏం లేదో చెప్పమన్నాడు. నల్లా లేదన్నాడు బుచ్చయ్య. లేనిది పొగగొట్టమట. మొఘల్‌పురాలో పుట్టి పెరిగినవాడు ఇంటి నెత్తిన పొగగొట్టం లేదని బాధపడాలట. అక్కడ ఒక సున్నా పడింది. చెక్క ముక్కలతో చూపించిన ముగ్గు పేర్చమంటే మాత్రం డాక్టరు గడియారం తీసేలోపే పేర్చేశాడు.

చివరకు బతుకు ప్రశ్నలు. పక్కింట్లోంచి పొగ వస్తుంటే ఏం చేస్తావు అన్నది మొదటిది. "మంటలార్పేటోళ్లకు కబురు చేస్త. వాళ్లొచ్చేదాంక దూరం నిలబడ్త," అన్నాడు బుచ్చయ్య. డాక్టరు పుస్తకంలో చూసుకుని పూర్తి మార్కులు వేశాడు. మూడేళ్ల కింద మా గల్లీలో దర్జీ ఖాసిం ఇంటికి నిప్పంటుకున్నప్పుడు ఇదే బుచ్చయ్య ఎవరికీ కబురు చేయలేదు. నడిమధ్యాహ్నం ఎవరి హుకుమూ లేకుండా వాలు విడిచి, తడి గోనె కప్పుకుని లోపలికి దూరి ఖాసిం ముసలి తల్లిని భుజాన వేసుకొచ్చాడు. ఆ బుచ్చయ్యను ఈ కుర్చీలో కూర్చోబెడితే సున్నా వచ్చేది. ఈ మాట ఆ క్షణంలోనే నా మనసుకు తట్టింది. తట్టినదాన్ని తోసేశాను, ఎందుకంటే అప్పుడే డాక్టరు నా వైపు తిరిగి నీ తర్జుమా చాలా సాఫుగా ఉంది అన్నాడు.

పెట్టె మూస్తుండగా ఆండాలు గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వచ్చింది. డాక్టరును కాదు, నన్నే చూస్తూ మాట్లాడింది.

"అన్నా, ఇంకొక్కటి అడుగుమను. చావైన ఇంటోళ్లు నీళ్లకొస్తే ఏం జేస్తవని అడుగుమను. ఆయన జెప్పేది ఇని, అప్పుడు రాసుకోమను."

ఏమంటోంది అని డాక్టరు అడిగాడు.

ఇప్పుడు మీతో అబద్ధమాడి లాభం లేదు. ఆమె అడిగింది ఎంత పదునైన ప్రశ్నో నాకు తెలుసు. విలాయతు పుస్తకం మొత్తం తక్కెడలో ఒక పక్క పెట్టినా ఆ ఒక్క ప్రశ్న ఉన్న పక్కే మొగ్గుతుంది. కానీ భోజనం వేళ దాటింది. డాక్టరు మెచ్చుకున్న మాట ఇంకా చెవిలో తియ్యగా ఉంది. పుస్తకంలో లేని ప్రశ్న నా నోటి వెంట వస్తే ఆ మొహం మళ్లీ మజ్జిగ తాగినట్టవుతుంది. పైగా ఇంట్లో బిందె ఖాళీ.

"త్వరగా పని ఇప్పించమని వేడుకుంటోంది హుజూర్," అన్నాను నా సాఫు ఉర్దూలో.

డాక్టరు దయగా తలూపాడు. ఆండాలు నా మొహం వంక కాసేపు చూసి, కొంగు సర్దుకుని గుమ్మం అవతలికి వెళ్లింది. కాగితం మీద అంకె పడింది. బుద్ధి సాధారణం కంటే ఒక మెట్టు పైన, పనికి లాయక్ అని రాశాడు.

బుచ్చయ్యకు చావి తిరిగొచ్చింది. గల్లీలో పండగే. గడియారం చూసుకుని నల్లా దగ్గరికి వెళ్తే చాలు, నిమిషం అటూ ఇటూ కాకుండా నీళ్లు. ఏడు గల్లీలకు ఏడు సమానమైన వాటాలు. ఇంతకుముందు పెళ్లి ఉన్న ఇంటికి పావుగంట ఎక్కువ విడిచేవాడు, బాలింత ఉన్న ఇంటి ముందు ఆగి నిండాయా అని అడిగేవాడు, దానివల్ల మిగతావాళ్లు లొల్లి పెట్టేవాళ్లు. ఇప్పుడు లొల్లి లేదు. ఇంత పద్ధతైన మనిషి ఇదివరకు మాకు లేడని మహకమాలో పైఅధికారి దరోగా మీసం దువ్వుకున్నాడు. చూశావా అమ్మా అని నేను నిండు బిందె తెచ్చి గొప్పగా దింపాను. అమ్మ బుచ్చయ్య కోసం మజ్జిగ చిలకడానికి లోపలికి వెళ్లింది.

ఆ వైశాఖంలో వడదెబ్బకు అమ్మ పడిపోయింది. రెండు రోజులే మంచంలో ఉంది. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పోయింది.

ఏడ్చే తీరిక కూడా లేదు. పొద్దు గుంకేలోపు పురానాపూల్ దాటించి శ్మశానం చేర్చాలి, లేదంటే రాత్రంతా ఆ ఎండవేడికి ఉడికిన ఇంట్లో ఉంచాలి. దానికి ముందు స్నానం చేయించాలి. నల్లా వచ్చాక పెరట్లో బావిని నేనే దగ్గరుండి పూడ్పించాను, నాగరికుణ్ణి కదా. ఎండాకాలం ఆ వేళకు గల్లీలో ఎవరి బిందెలోనూ రెండు చెంబులు ఉండవు, ఉన్నా అవి నిల్వ నీళ్లు. నేను చెప్పులు విడిచి బుచ్చయ్య ఇంటికి నడిచాను. నేల కాలిపోతోంది.

బుచ్చయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గోడకు చావి ఆనించి ఉంది. నేను గుమ్మం ముందు నిలబడ్డాను. ఆయన నా కాళ్లు చూశాడు, నా మొహం చూశాడు, చెప్పులేవని అడగలేదు, లేవలేదు. ఎంతసేపు నిలబడ్డానో. మా గల్లీల్లో ఇంతవరకు ఎవరూ నోరు తెరిచి అడగాల్సి రాలేదు. నేను అడిగాను. పెద్దమ్మ పోయింది బుచ్చయ్యా, నీళ్లు కావాలి అన్నాను.

"యాళ్ల గాలేదన్నా. ఐదో గల్లికి ఆరున్నరకు. ఇప్పుడు మూడు గొట్టింది," అన్నాడు.

రోజూ నీకు మజ్జిగ పోసిన పెద్దమ్మ అన్నాను. ఆయన ఆ మాటను కొంచెంసేపు ఆలోచించాడు.

"ఔ. అయితే రేపటి సంది మజ్జిగ ఉండది," అన్నాడు.

అందులో వెటకారం లేదు, పగ లేదు. ఉన్నా బాగుండేది. అమ్మ చావు ఆయనకు ఒక చెంబు తక్కువ కావడంగా అందింది, ఆ లెక్క సరిగ్గా చెప్పాడు. ఆ నుదుటి మచ్చ మీదే మళ్లీ కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. చేయి లేచింది కూడా. లేచిన చేతిని చూసి కూడా ఆయన కళ్లలో ఏమీ కదలలేదు.

లోపలి నుంచి ఆండాలు వచ్చింది. నా కాళ్ల వంక ఒక్కసారి చూసింది. కొంగు నడుముకు దోపి గోడకున్న చావిని రెండు చేతులా ఎత్తింది.

"ఐదో గల్లికి ఎన్ని చుట్లు?" అని మొగుణ్ణి అడిగింది.

అడిగితే చెప్పడానికి ఆయనకు అభ్యంతరమేమీ లేదు. "పద్దెనిమిది. ఎడమకు. తొమ్మిదో చుట్టు కాడ పట్టేస్తది, ఆగి తిప్పాలె," అన్నాడు. ఆమె గుమ్మం దాటుతుండగా, వేళగాని వేళ వాలు విడిస్తే తాను రిపోర్టు ఇవ్వాల్సి వస్తుందని కూడా చెప్పాడు. ఇచ్చుకోమంది.

ఆ ఎండలో ఆమె చావి మోసుకుంటూ నడిచింది. నేను సాయం పట్టబోతే వదలలేదు. గుంత మూత తీసి చావి దించి, కమ్మికి రొమ్ము ఆనించి తిరగడం మొదలుపెట్టింది. ఖాసిం కోడలు బురఖా సర్దుకుని వచ్చి ఇంకో వైపు పట్టింది. తొమ్మిదో చుట్టు దగ్గర పట్టేసింది. ఆండాలు ఆగి, మొహం తుడుచుకుని, నా వంక చూసింది.

"ఆ దినం నువ్వు డాక్టర్‌కు ఏం జెప్పినవో నాకు సమజైంది అన్నా. పదేండ్ల సంది గీ పట్నంలనే ఉన్న. నాకు ఉర్దూ రాదనుకున్నవా?"

నేలలోకి దిగిపోవాలనిపించింది. నేను ఒక్క మాట మింగితే ఆమె దాన్ని రెండు నెలలు మోసింది. ఇప్పుడు చావి కూడా మోస్తోంది. డాక్టరు చేయెత్తి ఆపిన నోటి మాట ఎవరు నమ్ముతారని ఆమె ఊరుకుంది. నమ్మించాల్సిన నోరు నాదే.

"నువ్వు పో. అమ్మ కాడ ఉండు," అంది. మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

నేను ఇల్లు చేరేసరికి నల్లా బుసకొట్టి, ఎర్రటి నీళ్లు కక్కి, తేటపడింది. పొద్దు గుంకకముందే అమ్మను పురానాపూల్ దాటించాం.

మైల తీరి నేను మళ్లీ కలం పట్టిన పన్నెండో రోజు బుచ్చయ్య మా అరుగెక్కాడు. ఆయనకు చదువు రాదు, మహకమాకు ఇచ్చే రిపోర్టులన్నీ ఎప్పుడూ నాతోనే రాయించుకునేవాడు. రాయాల్సింది నా మీదే అయినా ఇంకొకరి దగ్గరికి వెళ్లాలని ఆయనకు తోచలేదు. కూర్చుని చెప్పాడు. ఫలానా తేదీ, మూడు గంటల పది నిమిషాలకు, ఐదో గల్లీ వాలును నా భార్య ఆండాలు విడిచింది, వైకుంఠం ఇంటికి నీళ్లు వెళ్లాయి, ఇది కాయిదాకు విరుద్ధం. ఎక్కడా తడబడలేదు. నేను ఆయన చెప్పింది చెప్పినట్టు ఉర్దూలో పెట్టాను. నా సాఫు తర్జుమాను మొదటిసారి నిజాయితీగా వాడాను.

రాయడం అయ్యాక కలం పెట్టేయలేదు. బుచ్చయ్యా, ఒకటి అడుగుతాను చెప్పు అన్నాను. చావైన ఇంటోళ్లు నీళ్లకొస్తే ఏం చేస్తావు?

"ఆ గల్లి వేళ ఎప్పుడో జెప్పి పంపిస్త," అన్నాడు. అని ఏడు గల్లీల వేళలూ పొద్దుటివి ముందు నుంచీ, సాయంత్రానివి వెనక నుంచీ ఏకరువు పెట్టాడు.

ప్రశ్న, దాని కింద జవాబు రాసి బుచ్చయ్య వేలిముద్ర వేయించాను. పరీక్ష రోజు ఆయన భార్య అడగమన్నది ఇదేనని, నేను దాచి అబద్ధం చెప్పానని కింద నా సంతకం పెట్టాను. ఒక నకలు మహకమాకు, ఒక నకలు పెట్టె డాక్టరుకు. నా కొలువు పోతుందనుకున్నాను. పోతే పోనీ, బుచ్చయ్యను ఇంట్లో ఉంచి చావి అంజన్‌కు ఇస్తారు, ఆండాలు కోరింది ఇప్పటికైనా జరుగుతుందనుకున్నాను. ఎదుటివాళ్లకు అంత తెలివుందని నమ్మడం నేను చేసిన ఆఖరి పొరపాటు.

మహకమా నుంచి వారానికి జవాబొచ్చింది. సొంత భార్య మీద కూడా రిపోర్టు ఇచ్చినందుకు బుచ్చయ్యకు మెచ్చుకోలు, వేళ కాని వేళ నీళ్లు వాడుకున్నందుకు నాకు హెచ్చరిక. పెట్టె డాక్టరు నన్ను తన గదికి పిలిచాడు. నా అబద్ధం గురించి ఒక్క మాట అనలేదు, అది ఆయన చదివాడో లేదో కూడా తెలియదు. నా కాగితాన్ని బల్ల మీద పరిచి, జేబు గడియారం పక్కన పెట్టుకుని, మహకమా ఇచ్చిన వేళల పట్టీతో బుచ్చయ్య జవాబును వరుసగా సరిచూశాడు. ఎర్ర పెన్సిలు తీసి జవాబు పక్కన ఒక టిక్కు పెట్టాడు.

"దురుస్త్ హై. ఒక్క తప్పు కూడా లేదు," అన్నాడు. నా మీద కోపం లేదు సరికదా, ఇంత మంచి ప్రశ్న ఎవరు తయారుచేశారని అడిగాడు.

సాయంత్రం ఆండాలు గుమ్మం ముందు నిలబడి నన్ను ఆపింది. డాక్టరు ఏమన్నాడని అడిగింది. ఆయన అన్నది ఒక్క మాట మార్చకుండా, మొదట ఉర్దూలో, తరువాత తెలుగులో చెప్పాను. లోపల కళావతి దగ్గుతోంది, బుచ్చయ్య మంచం మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఇంతలో మూడో గల్లీ నుంచి ఒక ముసలాయన చెప్పులు లేకుండా వచ్చి వాకిలి ముందు నిలబడ్డాడు. బుచ్చయ్య వైపు చూడలేదు. ఆండాలు కొంగు నడుముకు దోపుకుని, మూడో గల్లికి ఎన్ని చుట్లని అడుగుతూ చావి అందుకుంది.